కట్ చెప్పండి, కారణం కూడా రాయండి: సెన్సార్ బోర్డుకు బహిరంగ లేఖ

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయ అధికారులకు, సలహా సంఘ సభ్యులకు నమస్కారం.

మీరు సినిమా చూసి లేచాక, ఏమేం తీయాలో మీరు రాసే నోట్ కాగితం చివరికి చేరేది మా బల్లల మీదికే. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, డీఐ (రంగుల సవరణ), సబ్‌టైటిల్స్, డీసీపీ (థియేటర్లకు పంపే డిజిటల్ కాపీ) తయారీ పనుల్లో ఉన్న తెలుగు సాంకేతిక నిపుణులం మేం. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఫ్రేముల్లోకి, ట్రాక్‌ల్లోకి మార్చాల్సింది మేమే. ఆ కాగితంలో ఏది లేకపోతే ఎక్కడ పని చెడుతుందో మాకు తెలుసు. అందుకే ఈ లేఖ. మా విన్నపం ఒక్కటే: ప్రతి కట్‌కీ కారణం రాయండి, కొలత రాయండి, ఆ రాసినదాన్ని ప్రేక్షకుడికీ చూపించండి.

ముందుగా అన్నిటికంటే చిన్న పని చూడండి. 'ఫలానా మాట మ్యూట్ చేయాలి' అని నోట్‌లో ఒక లైన్ ఉంటుంది. మామూలుగా పలికే మాట ఒకటి అర సెకను ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అది 12 ఫ్రేముల లెక్క. 5.1 మిక్స్‌లో ఆరు ఛానెళ్లు ఉంటాయి, డైలాగ్ ఎక్కువగా మధ్య ఛానెల్‌లోనే నడుస్తుంది. కానీ గుడిలోనో, ఖాళీ గోడౌన్‌లోనో అరిచిన మాటయితే దాని ప్రతిధ్వని వెనక ఛానెళ్లలో కూడా ఉంటుంది. మధ్య ఛానెల్ ఒక్కటే నొక్కేస్తే మాట పోయి దాని నీడ మిగులుతుంది. తొందరలో ఆరు ఛానెళ్లూ నొక్కేస్తే నేపథ్య సంగీతం, వాన చప్పుడు, జనం గోల అన్నీ ఆ అర సెకను ఆగిపోయి ధ్వనిలో గుంట పడుతుంది. థియేటర్‌లో ఎవరైనా గుర్తుపట్టేది ఆ గుంటనే. పైగా నటుడి పెదాలు తెర మీద కదులుతూనే ఉంటాయి కాబట్టి తీసేసిన మాటను హాలంతా మనసులో పూరించుకుంటుంది. సరైన పద్ధతి ఏమిటంటే డైలాగ్, సంగీతం, ఎఫెక్ట్స్ విడివిడిగా ఉన్న స్టెమ్స్ తెరిచి డైలాగ్‌లో మాత్రమే ఆ 12 ఫ్రేములు తీసి, మిగతా రెండూ కదపకుండా మళ్లీ మిక్స్ దించడం. అట్మాస్ (పైకప్పు నుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి) మిక్స్ ఉంటే అదీ విడిగా చేయాలి.

మ్యూట్ బదులు వేరే మాట పెట్టుకొమ్మన్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు. అవి పలకాలంటే పెదాలు మూతపడాలి. తీసేసిన మాటలో 'బ' ఉండి కొత్త మాటలో ఓష్ఠ్యం లేకపోతే క్లోజప్‌లో నోరు మూతపడుతుంది, శబ్దం మాత్రం తెరిచిన నోటిది వస్తుంది. డబ్బింగ్ రచయిత అక్షరాలు లెక్కపెట్టి, పెదాల మూత సరిచూసి మాట వెతకాలి. నటుడిని మళ్లీ పిలవాలి. అతను వేరే ఊళ్లో షూటింగ్‌లో ఉంటే అనుకరించగలిగే గొంతు కోసం తిరగాలి. మీ నోట్‌లో ఈ మాట ఎందుకు వద్దో ఒక్క వాక్యం ఉంటే దర్శకుడు ఆ అభ్యంతరం తగలని మాటను తనే ఎంచుకుంటాడు. కారణం లేనప్పుడు ఊహించి పెడతాడు, అది మళ్లీ మీ దగ్గర ఆగుతుంది. రెండోసారి డబ్బింగ్, రెండోసారి మిక్సింగ్.

'సన్నివేశాన్ని 50 శాతం తగ్గించాలి' అనే మాట గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. యాభై శాతం దేనిలో? నిడివిలోనా, షాట్ల సంఖ్యలోనా, చూపించే తీరులోనా? పన్నెండు సెకన్ల ముద్దు షాట్‌ను ఆరు సెకన్లు చేస్తే అభ్యంతరం ఎలా తీరిందో ఆ నోట్ చదివినవారెవరూ చెప్పలేరు. అదే పాటలో అయితే లెక్క ఇంకా కఠినం. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే చతురశ్ర గతి పాటలో ఒక్కో దెబ్బ 12 ఫ్రేములు, నాలుగు దెబ్బల ఆవృతం 48 ఫ్రేములు. 48 గుణిజాల్లో కట్ పడితే వినేవాడికి తెలియదు. 55 ఫ్రేములు తీయమంటే తాళం తప్పుతుంది, డాన్సర్ అడుగు గాల్లో ఉండగానే తర్వాతి చరణం మొదలవుతుంది. అభ్యంతరం ఫలానా దృశ్యం మీద అని రాసి, నిడివిని కొన్ని ఫ్రేములు అటూఇటూ సర్దుకునే వీలిస్తే ఈ ముప్పే ఉండదు. తీసిన చోట అంతే నిడివిగల వేరే షాట్ పెట్టనిస్తే రీలు పొడవే మారదు, పాట చెక్కుచెదరదు.

రీలు పొడవు మారితే ఏం జరుగుతుందో బయటివారికి తెలియదు, మీకు తెలియాలి. డీసీపీని సుమారు ఇరవై నిమిషాల రీళ్లుగా కడతాం. మూడో రీలులో ఆరు సెకన్లు పోతే ఆ రీలులో అక్కడినుంచి చివరిదాకా సబ్‌టైటిల్స్ ఆరు సెకన్లు వెనకబడతాయి, వాటిని ముందుకు జరపాలి. మ్యూట్ చేసిన మాట ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో అలాగే ఉండిపోవడం తరచుగా జరిగే పొరపాటు. చెవికి వినపడని మాట కంటికి కనపడుతుంది. దృశ్యలోపం ఉన్నవారి కోసం చేసే ఆడియో వర్ణన, వినికిడి లోపం ఉన్నవారి క్యాప్షన్లు కూడా అలాగే మారాలి. 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఈ సౌకర్యాల మీద మార్గదర్శకాలు ఇవ్వడం మంచి పని. కానీ కట్ నోట్‌లో వాటి ప్రస్తావనకు ఒక గడి కూడా ఉండాలి. సిగరెట్ షాట్ తీయించినప్పుడు దాని కింద నడిచే హెచ్చరిక కూడా తీయాలన్నది రాయకపోతే, పొగ లేని ఫ్రేము మీద పొగ హెచ్చరిక మిగిలిపోతుంది.

ఆ తర్వాత తాళంచెవులు. డీసీపీకి తాళం ఉంటుంది. దాన్ని తెరిచే కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి ఒక నిర్దిష్ట ప్లేలిస్టుకు (ఏ రీళ్లు ఏ వరసలో వేయాలో చెప్పే జాబితాకు), ఒక నిర్దిష్ట సర్వర్‌కు, ఒక నిర్దిష్ట కాలానికి మాత్రమే పనిచేస్తుంది. ఒక్క రీలు మార్చినా కొత్త ప్లేలిస్ట్ పుడుతుంది, అంటే ప్రతి తెరకూ కొత్త కేడీఎం పంపాలి. పాత ప్లేలిస్ట్ సర్వర్‌లో ఉండిపోయి, దాని కేడీఎం గడువు తీరకపోతే, శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఆపరేటర్ పొరపాటున దాన్నే వేయవచ్చు. సినిమాటోగ్రాఫ్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ పొందిన రూపం కాకుండా వేరేది ప్రదర్శిస్తే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. విడుదలకు రెండు రోజుల ముందు ఒక అస్పష్టమైన నోట్ వస్తే ఆ బరువు ఎక్కడో టూరింగ్ టాకీసు రోజుల నుంచి పనిచేస్తున్న ఆపరేటర్ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు చట్టం మాట. మీ మండలి పేరు 1983 జూన్‌లో మారింది. అంతకుముందు పేరులో 'సెన్సార్' ఉండేది, ఆ తర్వాత 'సర్టిఫికేషన్' వచ్చింది. అప్పుడే 'యూ' (అందరికీ), 'ఏ' (పెద్దలకు మాత్రమే) లకు తోడు 'యూ/ఏ' (పిల్లలు తల్లిదండ్రుల సలహాతో చూసేవి), 'ఎస్' (ప్రత్యేక వర్గాలకు) చేరాయి. జనం నోట్లో ఇంకా సెన్సారే. పేరు మారినా నోట్ రాసే అలవాటు మారలేదు కాబట్టి జనాన్ని తప్పుపట్టలేం. 1952 చట్టం 5బి సెక్షన్‌లో సర్టిఫికెట్ నిరాకరించడానికి కారణాలు లెక్కగట్టి ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి పురిగొల్పడం. 'బాగోలేదు' అన్నది ఆ జాబితాలో లేదు. 'కొందరికి నచ్చకపోవచ్చు' అన్నదీ లేదు. 1991 డిసెంబర్ మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేసి, సినిమాను మొత్తంగా చూసి దాని సమగ్ర ప్రభావాన్ని బట్టి తీర్పు చెప్పమన్నాయి, కథాకాలాన్నీ నేటి సమాజ ప్రమాణాలనూ దృష్టిలో పెట్టుకోమన్నాయి. మాటల జాబితా పట్టుకుని సినిమా అంతా వెతికితే అది మొత్తంగా చూడడం ఎలా అవుతుంది? ఒక తాగుబోతు భార్యను తిట్టే తిట్టు, ఆ సినిమా ఆ మగవాణ్ని నిలదీయడానికే పెట్టినది కావచ్చు. తిట్టు తీసేస్తే నిలదీత బరువు తగ్గుతుంది.

1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలబద్ద మీ అందరికీ తెలిసిందే. ప్రమాదం ఎక్కడో దూరాన ఉన్న ఊహ కాకూడదు, తుపాకిమందు పీపాలో పడిన నిప్పురవ్వలా మాటకూ ప్రమాదానికీ నేరుగా సంబంధం ఉండాలి అంది కోర్టు. ఆ సంబంధం ఏమిటో రాయడమే మేం అడిగే కారణం. మార్గదర్శకాల్లోంచి ఒక క్లాజు అంకె వేసి వదిలేస్తే అది కారణం కాదు, కారణం ఏ అరలో ఉండొచ్చో చెప్పే గుర్తు మాత్రమే.

కారణం రాయకపోవడానికి ఒక మూలం మాకు కనబడుతోంది. చాలా కట్స్ ఆదేశాలుగా పుట్టడం లేదు, బేరంలో పుడుతున్నాయి. సినిమాకు 'ఏ' సర్టిఫికెట్ వస్తే పద్దెనిమిదేళ్ల లోపువారికి టికెట్ ఇవ్వకూడదు, కుటుంబ ప్రేక్షకులు తగ్గుతారు. అంతకంటే పెద్ద దెబ్బ, 'ఏ' సర్టిఫికెట్ సినిమాను అలాగే టీవీలో వేయలేరు, కాబట్టి శాటిలైట్ హక్కుల ధర పడిపోతుంది. అందుకని 'ఏ అయితే ఇలాగే ఇస్తాం, యూ/ఏ కావాలంటే ఇవి తీసేయండి' అన్నప్పుడు నిర్మాత తనంతట తానే ఒప్పుకుంటాడు. కాగితం మీద అది స్వచ్ఛందం. ఇలా ఒప్పుకున్న కట్‌కు కారణం రాయాల్సిన అవసరం ఎవరికీ తోచదు. కానీ ప్రేక్షకుడి దృష్టిలో అదీ మీరు తీయించిన మాటే. ఏ మాట ఉంటే ఏ వయసు గీత దాటుతుందో రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు నిర్మాత చేసేది ఎంపిక అవుతుంది.

2023 సవరణతో యూ/ఏ వర్గం 7+, 13+, 16+ గా విడిపోవడం ఇందుకు మంచి దారి వేసింది. ఆ అంకెలు తల్లిదండ్రులకు సూచనలే, గేటు దగ్గర ఆపేందుకు కావు. సూచన ఇచ్చేటప్పుడు దేని గురించో చెప్పాలి కదా. పది సెకన్లు తెర మీద కనబడే సర్టిఫికెట్‌లో 13+ అని ఉంటుంది, ఎందుకో ఉండదు. హింసా, దయ్యాల భయమా, తాగుడా? పదకొండేళ్ల పిల్ల రక్తం చూస్తే నిద్రపోదు, దయ్యాన్ని చూసి నవ్వుతుంది. వాళ్లమ్మకు కావాల్సింది అంకె కాదు, ఆ ఒక్క ముక్క. ఓటీటీలకు 2021 నిబంధనలు వయసు గుర్తుతో పాటు ఆ వివరం కూడా తప్పనిసరి చేశాయి. ఇంట్లో చూసే సినిమాకు ఉన్న మర్యాద టికెట్ కొని చూసే సినిమాకూ ఉండాలి. సర్టిఫికెట్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే వయసు గుర్తుకు కారణం, చేసిన మార్పుల పూర్తి పట్టిక కనపడేలా చేయండి. ఎప్పటికీ తీసేయకుండా ఉంచండి. అమెరికాలో మన సినిమాల ప్రీమియర్లు ఇక్కడికంటే ముందే పడతాయి, మీ సర్టిఫికెట్ అక్కడ వర్తించదు. డల్లాస్‌లో వినపడిన మాట గుంటూరులో ఎందుకు వినపడలేదని అడిగే హక్కు గుంటూరు ప్రేక్షకుడికి ఉంది.

భాష సంగతి మాకు మరీ ముఖ్యం. తెలుగు ఒకటే అయినా తిట్టు ఒకటి కాదు. మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని 'దొంగ సచ్చినోడా' అనే నాయనమ్మలు మన పల్లెల్లో కోకొల్లలు, అందులో ముద్దు తప్ప ఇంకేం లేదు. అదే మాట అక్షరాల్లో రాసి చూస్తే చావు కనబడుతుంది. ఉత్తరాంధ్రలో నవ్వుతూ అనుకునేది రాయలసీమలో కొట్లాటకు దారితీయొచ్చు, తెలంగాణ యాసలో వాడుకగా ఉన్న సంబోధన కోస్తా చెవికి మొరటుగా తోచొచ్చు. కులం పేరుతో కించపరిచే మాటలు వేరు. వాటి విషయంలో మీరు కఠినంగా ఉండడాన్ని మేం సమర్థిస్తాం, అక్కడ కూడా కించపరిచే పాత్రను సినిమా ఎలా చూపిందో తూకం వేయమని మాత్రమే కోరతాం. కథ ఏ ప్రాంతానిదో దరఖాస్తులోనే అడిగి, ఆ ప్రాంతపు యాస తెలిసిన కనీసం ఒక సలహా సంఘ సభ్యుణ్ని ఆ ప్రదర్శనకు పిలవండి.

మీ ఆదేశం తప్పనుకుంటే ఎక్కడికి పోవాలి? ముందు సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి. ఆ తర్వాత 2021 దాకా అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆర్డినెన్సుతో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే. పెద్ద నిర్మాత వెళ్లగలడు. అప్పు మీద సినిమా తీసి థియేటర్లకు అడ్వాన్సులు కట్టిన కొత్త నిర్మాత వాయిదాల కోసం ఆగలేక తలవంచుతాడు. 1970లో అబ్బాస్ కేసులో ముందస్తు సెన్సార్‌ను సుప్రీంకోర్టు సమర్థించిందని అందరూ చెబుతారు. ఆ కేసులోనే నిర్ణయానికి గడువు పెడతామనీ, కోర్టుకో స్వతంత్ర ట్రిబ్యునల్‌కో అప్పీలు కల్పిస్తామనీ ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ హామీ ఇచ్చిన సంగతి తక్కువమంది చెబుతారు. ట్రిబ్యునల్ తిరిగి తేవడం మీ చేతిలో లేదు, అది మంత్రిత్వ శాఖ, పార్లమెంటు చేయాలి. సిఫారసు చేయడం మీ చేతిలో ఉంది. ఈలోగా కారణం రాసి ఉన్న ఆదేశాన్ని హైకోర్టు గంటలో చదివి అర్థం చేసుకోగలదు. కారణం లేని ఆదేశానికి మీ న్యాయవాది కోర్టులో నిలబడి కొత్తగా కారణం వెతకాలి.

మా వైపు తప్పులు లేవని చెప్పం. సంక్రాంతికి తేదీ వేసుకుని, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) పూర్తికాని కాపీతో చివరి వారంలో దరఖాస్తు పెట్టే అలవాటు మాదే. నిబంధనల్లో 48 పనిదినాల గడువుంటే పది రోజుల్లో కావాలని ఒత్తిడి తెస్తాం. ప్రాధాన్య ప్రదర్శన ఉన్నది అత్యవసరానికి, అలసత్వానికి కాదు. ఎద్దులో గుర్రాలో నటించిన సినిమాకు జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. తీరా ఫస్ట్ కాపీ వచ్చాక ఆ కాగితం కోసం పరుగెత్తితే ఆలస్యానికి మీరు బాధ్యులు కారు. డైలాగ్ స్క్రిప్టు తెర మీది మాటలతో సరిపోలాలి. సెట్లో మారిన డైలాగ్‌ను స్క్రిప్టులో దిద్దకపోతే మీ నోట్‌లోనూ తప్పు మాట పడుతుంది. విడుదలైన రెండో రోజు 'ట్రిమ్ చేశాం', వారానికి 'కొత్త సీన్ కలిపాం' అని ప్రకటించడం కూడా మీకు తెలియజేసి, అనుమతి ముద్ర వేయించుకున్నాకే జరగాలి. ఈ క్రమశిక్షణ మాలో పెరగాలని సాటి సాంకేతిక నిపుణులకు, నిర్మాతలకు కూడా ఈ లేఖలోనే చెబుతున్నాం.

మేం అడుగుతున్న నోట్ ఎలా ఉండాలో ఒక కల్పిత నమూనా ఇస్తున్నాం:

'రీలు 3. మొదలు 00:07:42:10, ముగింపు 00:07:42:22, మొత్తం 12 ఫ్రేములు. డైలాగ్ ట్రాక్‌లో మాత్రమే మ్యూట్, సంగీతం, ఎఫెక్ట్స్ ఉంచవచ్చు. సబ్‌టైటిల్, క్యాప్షన్లలో కూడా ఈ మాట తొలగించాలి. కారణం: ఒక కులాన్ని కించపరిచే మాట. కథానాయకుడు హాస్యంగా వాడాడు, సినిమాలో ఎక్కడా ఎవరూ తప్పుపట్టలేదు. ప్రత్యామ్నాయం: ఈ అర్థం రాని వేరే మాట. కమిటీలో ఐదుగురిలో నలుగురి అభిప్రాయం ఇది. ఒకరు భిన్నాభిప్రాయం రాశారు, జతచేశాం.'

ఇది రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ప్రదర్శన ముగిశాక సభ్యులు ఎవరికివారు అభిప్రాయం రాసే పద్ధతి ఎలాగూ ఉంది, అందులోని మాటలే ఇక్కడికి ఎక్కించాలి. డబ్బింగ్ వెర్షన్లకు కూడా ఇదే కాగితం పనికొస్తుంది. తెలుగు సినిమా హిందీ, తమిళం, కన్నడ, మలయాళాల్లోకి వెళ్లినప్పుడు ప్రతి భాషకూ విడి సర్టిఫికెట్ కావాలి. దృశ్యం మీద అభ్యంతరం ఏమిటో తెలుగు నోట్‌లో స్పష్టంగా ఉంటే మిగతా ప్రాంతీయ కార్యాలయాలు మళ్లీ మొదటినుంచి తేల్చుకోనక్కర్లేదు, ఒకే షాట్ ఒక భాషలో ఉండి ఇంకో భాషలో పోయే పరిస్థితీ రాదు.

టైమ్‌కోడ్ ఎలా గుర్తించాలో, స్టెమ్స్ అంటే ఏమిటో, రీలు మారితే ఏమేం మారతాయో సలహా సంఘ సభ్యులకు ఒక పూట చూపించడానికి మేం సిద్ధం. హైదరాబాద్‌లో ఏ మిక్సింగ్ థియేటర్‌లోనైనా, మీకు వీలైన రోజున, ఖర్చు లేకుండా. ఒక రీలు, ఒక మాట, ఒక పాట తీసుకుని కట్ పడకముందు, పడ్డాక పక్కపక్కన వినిపిస్తాం. తేదీ మీరే చెప్పండి.

ఇట్లు,
తెలుగు సినిమా పోస్ట్ ప్రొడక్షన్ పనుల్లో ఉన్న ఎడిటర్లు, సౌండ్ ఇంజనీర్లు, డీఐ, సబ్‌టైటిల్, డీసీపీ నిపుణులు
హైదరాబాద్